నడుముకు సూదీ, నెత్తుట్లో చక్కెరా

ఖాజాగూడ చౌరస్తా నుంచి బండి ఎటు తిప్పినా కాసేపట్లో ఒక కాన్పుల ఆసుపత్రి ఎదురవుతుంది. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వైపు వెళ్తే అద్దాల మేడల కార్పొరేట్ ఆసుపత్రులు, కొండాపూర్ దాకా పోతే ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి. ఒకప్పుడు గుట్టలు, చెరువు, దర్గా తప్ప పెద్దగా ఏమీ లేని శేరిలింగంపల్లి మండలపు ఊరు ఇది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక చుట్టూ ఉద్యోగాల నగరం లేచింది. దాని వెనకే ముప్పై దాటాక తొలి కాన్పు, రోజంతా కూర్చుని చేసే పని, రాత్రి షిఫ్టులు, ఏడో నెలలో బయటపడే షుగర్, చివరికి సిజేరియన్ కూడా వచ్చాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. దేశం మొత్తానికి సగటు 21.5. ఇన్ని కోతలు ఎందుకన్నది వేరే వ్యాసానికి సరిపడా సంగతి. ఇక్కడ అడగబోయేది అంతకంటే చిన్నది, కానీ ఆ 60.7 శాతంలో ప్రతి ఒక్కరికీ తగిలేది: ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు రకాన్ని బట్టి తల్లి రక్తంలో చక్కెర మారుతుందా? మారితే ఎంత? ఆ మార్పు బిడ్డ దాకా వెళ్తుందా?

కుటుంబాలు అడిగే ప్రశ్న ఇది కాదు. "డాక్టరమ్మా, నడుముకు సూది ఏస్తే జీవితాంతం నడుంనొప్పి ఉంటదంట గదా, పూర్తి మత్తే ఇయ్యరాదూ?" అని అత్తగారు అడుగుతుంది. స్పైనల్ సూదికీ ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికీ సంబంధం ఉందని పరిశోధనలు చెప్పడం లేదు. గర్భమూ, ఆ తర్వాత బిడ్డను ఎత్తుకుని వంగి లేవడమూ ఆ నొప్పికి చాలు. అయినా మత్తు రకం గురించి మన ఇళ్లలో జరిగే చర్చ దాదాపుగా అక్కడితోనే ఆగిపోతుంది.

నా అంచనా ముందే చెప్పేస్తాను. మత్తు రకం షుగర్‌ను మారుస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే ఆపరేషన్‌కు ముందు పది పన్నెండు గంటల్లో ఏం తిన్నారు, ఏం తినలేదు, ఏ సీసా ఎక్కించారు అన్నది అంతకంటే ఎక్కువ మారుస్తుంది. పరిశోధనలను వరుసగా చదువుకుంటూ పోతే నాకు కనబడింది ఇదే.

ఏ మత్తు క్షేమం అన్న తగవు హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. 1888లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ మొదటి క్లోరోఫాం కమిషన్ నడిపాడు. దాని తీర్పును లండన్ నమ్మకపోతే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ణి ఇక్కడికి రప్పించాడు. వందల కుక్కల మీద ప్రయోగాలు చేసి రెండో కమిషన్ కూడా అదే చెప్పింది: క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరి, గుండెకు నేరుగా ప్రమాదం లేదు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే లారీ దగ్గర హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదువుకుంది. కానీ 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పనిచేసి కథను తిరగేశాడు. గాఢమైన మత్తులో కాదు, తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఎడ్రినలిన్ తగిలితే గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపించాడు. ఇక్కడి కమిషన్లు ఎక్కువగా మోతాదు మించిన మత్తునే చూశాయి, కాబట్టి వాటికి అది కనబడలేదు.

ఈ పాత కథ ఇక్కడెందుకంటే, తేలికపాటి మత్తు, దాని కింద ఉరికే ఎడ్రినలిన్ అన్న జంటే ఇవాళ్టి సిజేరియన్ షుగర్ కథలోనూ అసలు పాత్ర.

శరీరాన్ని కోస్తే చక్కెర ఎందుకు పెరుగుతుంది? 1849లో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఒక కుందేలు మెదడు అడుగున చిన్న గాటు పెట్టాడు. కాసేపటికి దాని మూత్రంలో చక్కెర వచ్చింది. తిండి పెట్టకుండానే మెదడు ఒక్క ఆజ్ఞతో చక్కెరను బయటికి తీయించగలదని తేలింది. ఆ ఆజ్ఞ నరాల గుండా కాలేయానికీ అడ్రినల్ గ్రంథులకూ చేరుతుంది. ఎడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ పెరుగుతాయి. కాలేయం దాచుకున్న గ్లైకోజెన్‌ను కరిగించి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది, కొత్త గ్లూకోజ్‌ను తయారు కూడా చేస్తుంది. అదే సమయంలో కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. పులి ఎదురైన మనిషికి ఇది ప్రాణం నిలిపే ఏర్పాటు. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషికి ఇది అక్కర్లేదు. కానీ కత్తికీ పులి పంజాకూ తేడా శరీరానికి తెలియదు.

1970ల చివరలో కోపెన్‌హాగెన్‌లో హెన్రిక్ కెలెట్ బృందం చేసిన పని ఈ రంగానికి పునాది. గర్భసంచి తొలగించే ఆపరేషన్లలో వాళ్లు వెన్ను దగ్గర ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తును ఛాతీ నాలుగో నరం మట్టం నుంచి, అంటే చనుమొనల ఎత్తు నుంచి, కింద చివరి నరం దాకా పట్టించారు. నొప్పి కబురు మెదడుకు చేరే దారీ, మెదడు ఆజ్ఞ అడ్రినల్ గ్రంథులకు వచ్చే దారీ రెండూ మూతపడ్డాయి. కార్టిసాల్ పెరగలేదు, షుగర్ కదల్లేదు. మత్తు మట్టం కిందే ఆగిపోతే ఈ ఫలితం పూర్తిగా రాదు. మత్తు దిగిపోయాక శరీరం మళ్లీ తన పని తాను చేసుకుంటుంది. దీన్ని ఎవరూ పెద్దగా నొక్కి చెప్పరు గానీ నాకు ముఖ్యంగా తోస్తుంది: ఒకసారి వేసిన స్పైనల్ ఆ చక్కెర పెరుగుదలను శాశ్వతంగా ఆపదు, రెండు గంటలు వాయిదా వేస్తుంది. ఆ తర్వాత నొప్పిని ఎలా అణచారన్నదాన్ని బట్టి మిగతా కథ నడుస్తుంది.

సిజేరియన్‌కు స్పైనల్ ఇచ్చేటప్పుడు మత్తు డాక్టరు కోరుకునే మట్టం కూడా సరిగ్గా ఆ ఛాతీ నాలుగో నరమే. నడుము కింది భాగంలో సన్నని సూదితో రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూగా బరువైన బుపివకైన్, దానిలో కొంచెం ఫెంటనిల్. అంతే. కెలెట్ ఎపిడ్యూరల్‌తో సాధించిందాన్ని రోజూ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో ఒక చిన్న సిరంజీ సాధిస్తోంది.

పూర్తి మత్తు, అంటే జనరల్ అనస్థీషియా, విషయం వేరు. మనిషి నిద్రపోతుంది, కానీ నరాల దారులు తెరిచే ఉంటాయి. మామూలు ఆపరేషన్లలో మత్తు ఇచ్చే ముందే ఫెంటనిల్ లాంటి నొప్పి మందులు పుష్కలంగా ఇచ్చి ఆ కబుర్లను అణుస్తారు. సిజేరియన్‌లో అలా కుదరదు. ఆ మందు మావి దాటి బిడ్డ ఊపిరిని మందగింపజేస్తుందన్న భయంతో బొడ్డు కత్తిరించేదాకా దాన్ని ఆపుతారు, ఆవిరి మత్తునూ తక్కువలోనే ఉంచుతారు. గొంతులోకి గొట్టం వేసే క్షణం, పొట్ట మీద మొదటి కోత, గర్భసంచి మీద కోత, ఈ మూడూ మత్తు అతి తేలికగా ఉన్న వేళలోనే పడతాయి. లెవీ పిల్లులు గుర్తొచ్చేది ఇక్కడే. పైగా ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ లాంటి ఆవిరి మందులు క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ వదలడాన్ని కూడా తగ్గిస్తాయి. రక్తం పోతున్న తల్లికి ఎంచుకునే కెటమిన్ ఎడ్రినలిన్ వ్యవస్థను ఇంకా ఎగదోస్తుంది. అంటే జనరల్ అనస్థీషియాలో ఒక చేత్తో చక్కెర బయటికి వస్తోంది, ఇంకో చేత్తో దాన్ని లోపలికి పంపే ఇన్సులిన్ ఆగుతోంది.

సిద్ధాంతం ఇంత బలంగా ఉంటే ఆసుపత్రుల్లో కనబడేదేమిటి? ఆరోగ్యంగా ఉన్న, ముందే తేదీ పెట్టుకున్న తల్లుల మీద పలు దేశాల్లో జరిగిన చిన్న చిన్న పోలికలు దాదాపు ఒకే దిక్కును చూపుతాయి. స్పైనల్ తీసుకున్నవారిలో షుగర్ సమతలంగా ఉంటుంది, పూర్తి మత్తు తీసుకున్నవారిలో కోత తర్వాత ఎక్కువగా ఎగబాకుతుంది. దిక్కు గురించి తగవు లేదు. పరిమాణం దగ్గరే నాకు పేచీ. షుగర్ లేని తల్లిలో ఈ తేడా సాధారణంగా ప్రమాదం అనిపించే స్థాయికి పోదు. పైగా చాలా చోట్ల కొలిచింది ల్యాబ్‌లో కాదు, వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్‌తో. ఆసుపత్రి భాషలో జీఆర్‌బీఎస్. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే ఆ మీటరు 100 దాటిన విలువల దగ్గర 15 శాతం అటూ ఇటూ చూపినా పాసైనట్టే. (ఈ వ్యాసంలో షుగర్ అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో.) అసలు 110 ఉన్న షుగర్‌ను మీటరు 95గా చూపవచ్చు, 125గానూ చూపవచ్చు. రక్తహీనత ఉంటే మీటరు అసలు కంటే ఎక్కువ చూపుతుంది. అదే జాతీయ సర్వే లెక్కలో తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా, 53.2 శాతం మందికి రక్తహీనత. రెండు మత్తుల మధ్య పది పదిహేను పాయింట్ల తేడా కనబడిందంటూ సంబరపడే ముందు, అది మత్తు తేడానా, మీటరు తేడానా అని అడగాలి.

ఇంకో చిక్కు ఉంది. ఇవాళ పూర్తి మత్తు ఎవరికిస్తున్నారు? బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు, మావి విడిపోయి రక్తం కారుతున్నప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గి వెన్నులో సూది వేయలేనప్పుడు. వీళ్ల ఒంట్లో కత్తి తగలకముందే ఎడ్రినలిన్ పొంగి ఉంటుంది. గంటల తరబడి నొప్పులు పడ్డవాళ్లూ వీళ్లలో ఉంటారు. ఇలాంటి వాళ్లను, స్నానం చేసి పువ్వు పెట్టుకుని నడిచొచ్చి బల్లెక్కిన తల్లులతో పోల్చి తేడా మొత్తాన్ని మత్తు ఖాతాలో రాయడం న్యాయం కాదు. ఆసుపత్రి రికార్డులు తిరగేసి చేసిన పరిశోధనల్లో ఈ తప్పు తరచూ జరుగుతుంది. పోనీ, చీటీ వేసినట్టు ఎవరికే మత్తో నిర్ణయించి చేసిన పరీక్షల మాటేమిటి? 2012 కోక్రేన్ సమీక్ష అలాంటి 22 అధ్యయనాల్లోని 1793 మంది తల్లుల వివరాలు కలిపి చూసింది. పూర్తి మత్తులో రక్తస్రావం కొంత ఎక్కువ. కానీ తల్లీబిడ్డల పెద్ద ఫలితాల్లో ఒకటి రెండోదానికంటే మేలని తేల్చే ఆధారం దానికి దొరకలేదు. షుగర్ ఆ సమీక్షకు ముఖ్య ప్రశ్నే కాదు.

షుగర్ ఉన్న తల్లుల దగ్గరికి వచ్చేసరికి కథ రసవత్తరంగా మారుతుంది, ఎందుకంటే ఒక దశలో తీర్పు తలకిందులైంది. 1977లో బోస్టన్‌లో సంజయ్ దత్తా (సినిమా హీరో కాదు, ప్రసూతి మత్తు వైద్యంలో పెద్ద పేరు) తన సహచరుడితో కలిసి ఒక పత్రం ప్రచురించాడు. షుగర్ ఉన్న తల్లులకు స్పైనల్ ఇస్తే, పూర్తి మత్తు ఇచ్చినప్పటికంటే బిడ్డల బొడ్డు రక్తంలో ఆమ్లం ఎక్కువగా ఉంది. తల్లి చక్కెరను అదుపులో ఉంచాల్సిన స్పైనలే బిడ్డకు చెరుపు చేసినట్టు కనబడింది. ఆ పత్రం అక్కడే ఆగిపోయి ఉంటే ఇవాళ ఖాజాగూడలో షుగర్ ఉన్న ప్రతి గర్భిణికీ గొంతులో గొట్టం వేస్తూ ఉండేవారేమో.

దత్తా బృందం అక్కడ ఆగలేదు. స్పైనల్ ఇవ్వగానే బీపీ పడిపోతుంది. పడిపోయిన బీపీతో మావికి రక్తం తగ్గుతుంది. ఆ రోజుల్లో బీపీ నిలపడానికి చకచకా ఎక్కించే ద్రవాల్లో డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఉండడం మామూలు. తల్లి చక్కెర పెరిగితే బిడ్డ చక్కెర పెరుగుతుంది. చక్కెర నిండిన బిడ్డకు ప్రాణవాయువు తగ్గితే ఆ చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. 1982లో వాళ్లు పద్ధతి మార్చి చూశారు: షుగర్‌ను ముందు నుంచీ అదుపులో పెట్టారు, డెక్స్‌ట్రోజ్ లేని ద్రవం ఎక్కించారు, బీపీ తగ్గిన మరుక్షణం ఎఫెడ్రిన్ ఇచ్చారు. బిడ్డల ఆమ్ల స్థితిలో షుగర్ ఉన్న తల్లులకూ లేని తల్లులకూ తేడా లేకుండా పోయింది. సూది అదే, మందు అదే. మారింది చుట్టూ ఉన్న పనితనం.

అదే 1982లో లాన్సెట్ పత్రికలో కెనెప్ బృందం సిజేరియన్‌కు ముందు 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించడం వల్ల బిడ్డకు వచ్చే చిక్కులను చూపించింది. తల్లికి ఎక్కిన గ్లూకోజ్ మావి దాటుతుంది, ఇన్సులిన్ దాటదు. బిడ్డ క్లోమం తన ఇన్సులిన్ తానే కుమ్మరిస్తుంది. బొడ్డు కోసిన క్షణాన చక్కెర సరఫరా ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం మిగిలిపోతుంది. పుట్టిన గంటా రెండు గంటల్లో బిడ్డ షుగర్ పడిపోతుంది. కోపెన్‌హాగెన్‌కు చెందిన యోర్గెన్ పెడర్సన్ 1950ల నుంచే షుగర్ తల్లుల బిడ్డల గురించి చెబుతూ వచ్చిన సూత్రం ఇదే. ఆరోగ్యవంతురాలైన తల్లిలో కూడా ఒక సీసాతో దాన్ని సృష్టించవచ్చని కెనెప్ బృందం చూపింది.

లెక్క వేసుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. ఒంట్లో ప్రవహించే రక్తం అంతటిలోనూ ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములు. అర లీటరు డీ5 (5 శాతం డెక్స్‌ట్రోజ్) సీసాలో 25 గ్రాములు. స్పైనల్ కాపాడే పది ఇరవై పాయింట్లను, "నీరసంగా ఉంది, ఒక గ్లూకోజ్ సీసా పెట్టండి సార్" అన్న బంధువుల మాట విని పెట్టిన సీసా పావుగంటలో మింగేస్తుంది. మన ఊళ్లలో గ్లూకోజ్ సీసా మీద ఉన్నంత భక్తి ఏ మందు మీదా లేదు. ఆ సీసా ఎక్కుతున్న చేతి వేలినే గుచ్చి షుగర్ చూసి 260 వచ్చిందని కంగారుపడే సందర్భాలూ ఉంటాయి. రెండో చేతి నుంచి తీస్తే 120.

బిడ్డ విషయంలో నాకు నిర్ణాయకంగా తోచిన సంగతి కాలం. పొట్ట మీద కోత పడిన పది నిమిషాల్లోపే సాధారణంగా బిడ్డ బయటికి వస్తుంది. కోత వల్ల తల్లి చక్కెర బాగా ఎగబాకేది అరగంట తర్వాత, గంట తర్వాత. అప్పటికి బొడ్డు తెగిపోయి ఉంటుంది. అంటే మత్తు రకం వల్ల వచ్చే పెరుగుదలలో బిడ్డకు చేరేది మొదటి కొద్ది నిమిషాల వాటా మాత్రమే. బిడ్డ క్లోమం ఎంత ఇన్సులిన్ సిద్ధం చేసుకుందన్నది అంతకు ముందు గంటలు, వారాలు, నెలలు నిర్ణయిస్తాయి. పుట్టిన బిడ్డల షుగర్ మీద మత్తు రకం ప్రభావం గురించిన పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. పూర్తి మత్తు బిడ్డకు చేసే అసలు నష్టం వేరే దారిలో రావచ్చు: తల్లి తేరుకునేదాకా ముర్రుపాలు ఆలస్యమవుతాయి. స్పైనల్‌లో అయితే కుట్లు పడుతుండగానే బిడ్డను రొమ్ముకు పట్టించవచ్చు. బిడ్డ షుగర్ నిలబెట్టడానికి దానికి మించిన మందు మొదటి గంటలో లేదు.

ఇక పస్తు సంగతి. కాన్పు మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలన్న నియమం 1946లో న్యూయార్క్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ రాసిన వ్యాసంతో గట్టిపడింది. 44,016 మంది గర్భిణుల్లో 66 మందికి మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఆయన లెక్కగట్టాడు. నియమం సబబైనదే. ఇవాళ్టి మార్గదర్శకాలు చెప్పేది తేలికపాటి ఘనాహారానికి 6 గంటలు, నీళ్ల లాంటి తేట ద్రవాలకు 2 గంటలు. కానీ వార్డుల్లో వినబడేది ఏమిటి? "రాత్రి పదింటి తర్వాత ఏమీ తీసుకోకమ్మా, మంచినీళ్లు కూడా." పొద్దున ఏడింటి ఆపరేషన్‌కు అది నడుస్తుంది. మధ్యాహ్నం రెండున్నర ఆపరేషన్‌కు అది పదహారున్నర గంటల పస్తు.

మరి మధ్యాహ్నం రెండున్నరకు ఎందుకు? పంచాంగం చూసి ఆ సమయం పెట్టించారు కాబట్టి. ముహూర్తపు సిజేరియన్ మన రాష్ట్రంలో ఎంత మామూలైందంటే, హరీశ్‌రావు ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు ఆ అలవాటు మానమని బహిరంగంగా కోరాల్సి వచ్చింది. ముహూర్తం మీద నైతిక చర్చలు చాలానే జరిగాయి. దాని షుగర్ లెక్క వేసినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. గర్భిణి ఒళ్లు పస్తును మామూలు ఒంటిలా తట్టుకోదు. షికాగోలో మెట్జ్‌గర్, ఫ్రైంకెల్ 1982లోనే లాన్సెట్‌లో చూపించారు: నెలలు నిండుతున్న గర్భిణి ఒక్క పూట టిఫిన్ మానేసినా, పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల పస్తు మధ్యలో ఆమె గ్లూకోజ్ గర్భిణి కాని స్త్రీ కంటే వేగంగా పడిపోతుంది, కీటోన్లు వేగంగా పెరుగుతాయి. అలా పడిపోయిన షుగర్‌తో బల్లెక్కిన తల్లికి స్పైనల్ ఇస్తే, స్పైనల్ ఆ తక్కువను అలాగే ఉంచుతుంది. ఆవిడకు కళ్లు తిరిగితే బీపీ అనుకుంటారు. అంతకు ముందే ఎవరో డెక్స్‌ట్రోజ్ పెట్టి ఉంటే కథ ఇంకో కొసకు పోతుంది. ఒకే ఆసుపత్రిలో ఒకే మత్తు డాక్టరు చేతిలో, ఏడింటి తల్లికీ రెండున్నర తల్లికీ షుగర్ తేడా, స్పైనల్‌కూ పూర్తి మత్తుకూ ఉన్న తేడాను మించిపోవచ్చు. ముహూర్తం కావాల్సిందే అనుకునేవాళ్లు కనీసం నీళ్లు రెండు గంటల ముందు దాకా తాగవచ్చా అని డాక్టరును అడగాలి.

షుగర్‌ను కదిలించే మిగిలిన కారణాలను తొందరగా చెప్పుకుందాం. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే బీటామెథసోన్, డెక్సామెథసోన్ సూదులు షుగర్‌ను రోజుల తరబడి పెంచుతాయి. వాంతులు రాకుండా థియేటర్‌లో ఇచ్చే డెక్సామెథసోన్ ఒక్క మోతాదు కూడా కొంత పెంచుతుంది. దాన్ని స్పైనల్ తల్లికీ ఇస్తారు, పూర్తి మత్తు తల్లికీ ఇస్తారు. బీపీ నిలపడానికి ఎఫెడ్రిన్ వాడితే అది మావి దాటి బిడ్డలో చక్కెరనూ లాక్టేట్‌నూ పెంచుతుందని హాంకాంగ్‌లో న్గాన్ కీ బృందం 2009లో చూపించింది. బీపీ నిలపడానికి 2018 అంతర్జాతీయ ఏకాభిప్రాయం దాని బదులు ఫినైలెఫ్రిన్ అనే మందుకు మొగ్గింది. 1982లో దత్తాను గెలిపించిన ఎఫెడ్రిన్ ఇవాళ రెండో వరుసలో ఉంది. శాస్త్రంలో ఎవరి గెలుపైనా అంత కాలమే.

ఖాజాగూడ చుట్టుపక్కల వాళ్లకు ఇంకొక మాట కలపాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రుల పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన పత్రంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరిందని రాశారు. వాళ్లు గర్భిణులు కారు, ఆ పరిశోధన మత్తు గురించి కాదు. కానీ కత్తి తగిలినప్పుడు చక్కెర కుమ్మరించేది కాలేయమే. ఇన్సులిన్ మాట సరిగా వినని కాలేయం తక్కువ రెచ్చగొట్టినా ఎక్కువ కుమ్మరిస్తుంది. పాత అధ్యయనాల్లోని సన్నటి, ఇరవై రెండేళ్ల తల్లి అంకెలను ఈ ఐటీ కారిడార్‌లోని ముప్పై మూడేళ్ల తల్లికి అలాగే అతికించలేం.

బ్రిటన్ నైస్ సంస్థ మార్గదర్శకం ఈ ప్రశ్నకు ఆచరణలో ఇచ్చిన జవాబు నాకు నచ్చుతుంది. షుగర్ ఉన్న తల్లికి కాన్పు వేళ షుగర్‌ను 72–126 మధ్య ఉంచమంటుంది. గంటకోసారి చూడమంటుంది. పూర్తి మత్తు ఇస్తే మాత్రం మత్తు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ పుట్టి తల్లికి పూర్తిగా తెలివి వచ్చేదాకా అరగంటకోసారి. కారణం పెరుగుతుందన్న భయం మాత్రమే కాదు. మెలకువగా ఉన్న తల్లి షుగర్ పడిపోతే చెమటలు పడుతున్నాయని, వణుకుతోందని చెబుతుంది. నిద్రలో ఉన్న తల్లి చెప్పలేదు. ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఇదే అసలు తేడా. స్పైనల్‌లో తల్లి నోరే ఒక మీటరు.

మావి బయటికి వచ్చిన తర్వాత ఇంకో మలుపు. గర్భంలో ఇన్సులిన్‌ను ఎదిరించిన హార్మోన్ల పుట్టిల్లు ఆ మావే. అది పోగానే ఇన్సులిన్ అవసరం అమాంతం తగ్గుతుంది. అదే గంటల్లో స్పైనల్ దిగిపోయి కుట్ల నొప్పి మొదలై చక్కెరను పైకి లాగుతుంది. రెండు ఎదురెదురు లాగుళ్ల మధ్య ఆ రాత్రి షుగర్ ఎటు పోతుందో ఊహించడం కష్టం. చూడక తప్పదు. గాయం మానడానికి ఆ రాత్రే ముఖ్యం: అమెరికా సీడీసీ 2017 మార్గదర్శకం, షుగర్ జబ్బు ఉన్నా లేకపోయినా ఆపరేషన్ వేళ 200 దాటనివ్వవద్దంటుంది. థియేటర్‌లో అన్నీ చక్కగా చేసి, వార్డుకు మార్చాక పొద్దున రౌండ్ల దాకా ఎవరూ వేలు గుచ్చకపోతే స్పైనల్ వల్ల దక్కిన మేలు అక్కడే జారిపోతుంది.

ఇందులో దేన్నీ పూర్తి మత్తు ఇవ్వకపోవడానికి సాకుగా వాడకూడదు. బిడ్డ గుండె నిమిషానికి అరవైకి పడిపోయి కోలుకోకపోతే, షుగర్ ముప్పై పాయింట్లు పెరిగితే పెరగనీ, చేతికి వేగంగా అందే మత్తే సరైన మత్తు. షుగర్‌ను తర్వాత దించవచ్చు.

తేలాల్సినది ఇంకా మిగిలే ఉంది, అది తేల్చడానికి తెలంగాణకంటే మంచి చోటు తక్కువ. ఇన్ని సిజేరియన్లు, గర్భంలో ఇంత షుగర్, నిలోఫర్, పేట్లబుర్జు నుంచి కొండాపూర్ దాకా ఇన్ని ప్రభుత్వ థియేటర్లు మరెక్కడ ఒకే చోట దొరుకుతాయి? గర్భంలో షుగర్ వచ్చిన తల్లులనే తీసుకోవాలి, పస్తు గంటలు ఒకేలా ఉంచాలి, డెక్స్‌ట్రోజ్ లేని ద్రవమే వాడాలి. మీటరును పక్కనబెట్టి సీసా లేని చేతి నుంచి తీసిన రక్తాన్ని ల్యాబ్‌లో చూడాలి. బొడ్డు రక్తం, బిడ్డ మొదటి రోజు షుగర్, తల్లి కుట్లు మానిన తీరు, అన్నీ ఒకే కాగితం మీదికి రావాలి. స్పైనల్, పూర్తి మత్తు అన్న రెండు గడులతో పాటు ఆ కాగితంలో ఇంకో గడి కూడా పెట్టాలి: తల్లి చివరిసారి తిన్నది ఎన్నింటికి, ఆపరేషన్ వేళను నిర్ణయించింది డాక్టరా, పంతులా అని.